తలుపు కింది సందు

ఆ చలికాలం మేము చక్రాల మీద కాపురం ఉన్నాం.

మందమర్రి దాటి లోపలికి పోతే అడవి. నేల కింద బొగ్గు ఎంత లోతున ఉందో తెలుసుకోవడానికి ఆ అడవిలో బోర్లు వేసే క్యాంపు ఒకటి ఉండేది. సిరిసిల్లలో మగ్గం సాగక మా ఆయన అంబదాసు ఆ పనిలో చేరాడు. ఒకచోట బోరు ముగియగానే క్యాంపంతా ఇంకోచోటికి కదులుతుంది కాబట్టి అక్కడ గుడిసెలు వేయరు. ట్రాక్టరు వెనక తగిలించి లాక్కుపోయే ఇనుప బండ్లలోనే మనుషులు ఉండాలి. ఒక గది, ఒక తలుపు, ఎదురు గోడకు చిన్న అద్దాల కిటికీ. గోడలు రేకు, కప్పు రేకు, కింద మాత్రం చెక్క పలకలు.

"చంటిపిల్లను పట్టుకొని ఒక్కదానివి అడవిల ఎట్లుంటవే" అని మా అత్త కనకవ్వ తన బట్టలు మూటగట్టుకుని మా వెంట వచ్చింది. ఆమె రాకపోతే నేను వెళ్లేదాన్నే కాదు.

మేము సామాను దించుతుంటే క్యాంపులో వంట చేసే శంకరవ్వ వచ్చి నిలబడింది. బండిని చూసింది, నా చంకలోని పిల్లను చూసింది.

"మీకు గీ బండిచ్చిండ్రా?" అంది.

"ఏం, ఏమైంది?" అంది మా అత్త.

శంకరవ్వ చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు సర్దుకుంది. "ఏం లేదక్కా. పోయిన సలికాలం చౌకీదారు రామచంద్రం గిండ్లనే పండుకునేటోడు. ఒకనాడు పొద్దుగాల లేవలే. దెబ్బ లేదు, పాము గాటు లేదు. నిద్రపోయినట్టే ఉన్నడు. మొకం సుత ఎర్రగ, పెండ్లికొడుకు లెక్క ఉండె."

అంతవరకు చెప్పి తన పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మా అత్త ఆ సాయంత్రమే గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నాకు మాత్రం ఆ ఎర్రటి ముఖమే మనసులో తిరిగింది. చచ్చిపోయిన మనిషి ముఖం ఎర్రగా ఎందుకుంటుంది?

కార్తీకం వెళ్లేసరికి చలి ముదిరింది. ఆదిలాబాదు అడవుల చలి గురించి విన్నాను గాని, ఇనుప గోడల మధ్య అది ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పలేదు. మా ఊపిరే రేకు మీద నీరై, తెల్లవారేసరికి గోడల వెంట కారేది. కొబ్బరినూనె సీసాలోనే గట్టిపడేది. పిల్ల చేతివేళ్లు చల్లబడితే మా అత్త వాటిని నోట్లో పెట్టుకుని వేడి చేసేది. అట్లా కూర్చుని గోడల వంక చూసేది, ఎవరో శత్రువును చూసినట్టు.

అంబదాసు పోయి మేస్త్రి లక్ష్మీరాజాన్ని అడిగితే, ఆయన స్టోరులోంచి డీజిల్ కుంపటి ఒకటి పంపించాడు. పంపించి ఊరుకోలేదు, వెనకే తానూ వచ్చాడు. మోకాలెత్తు ఇనుప పీపా అది. పక్కన చిన్న డబ్బా, డబ్బాకు కుళాయి. కుళాయి తిప్పితే డీజిల్ సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా పీపాలోకి పడి మండుతుంది. పొగ పోవడానికి పీపా మీద నుంచి కప్పు దాకా ఇనుప గొట్టం, కప్పు పైన దానికి ఒక టోపీ. లక్ష్మీరాజం తన చేతులతోనే అదంతా బిగించి, ఒకసారి వెలిగించి, మంటను చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తలుపుకూ నేలకూ మధ్య ఉన్న సందులో వేళ్లు పెట్టి చూపించాడు.

"చెల్లే, జర మనసు పెట్టి ఇను. గీ సందు ఎప్పటికీ మూయొద్దు. గా కిటికీ రెక్క చెయ్యి పట్టేంత తెరిచే ఉండాలె. మంట గూడ మనిషి లెక్కనే, గాలి తింటది. గాలి సాలకపోతే సరిగ మండది. గప్పుడు అది ఇడిసే గాలికి రంగుండది, వాసనుండది. మనిషికి తెల్వకుంటనే మత్తొస్తది, మొకం ఎర్రబడతది."

"పొగ గొట్టం పెట్టినవ్ గద అన్నా" అన్నాను.

"గొట్టం మసి పట్టొచ్చు. ఎదురుగాలికి పొగ ఎనకకు తిరగొచ్చు. గొట్టమున్నదని ధీమా పడొద్దు. గొట్టాన్ని వారం వారం కొట్టి మసి దులపాలె. పండుకునే ముందల కుళాయి కట్టెయ్యాలె. డీజిల్ డబ్బా బయటనే పెట్టాలె. తలనొప్పి లేసిందంటే మందు ఎతకొద్దు, పిల్లనెత్తుకొని బయటకురుకు." ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. "రామచంద్రం గట్లనే పోయిండు. బొగ్గుల కుంపటి లోపట పెట్టుకొని, సలికి ఓర్వలేక గీ సందుల గోనెసంచి కుక్కిండు. నేనే తీసిన గా సంచిని."

మా అత్త ఇదంతా వింటూనే ఉంది. ఆయన వెళ్లాక, "మంట గాలి తినుడేందే? చౌకీదారును ఏదో పట్టుకున్నది. పేరు చెప్తె మీరు దడుసుకుంటరని గట్ల అంటుండు" అంది.

కుంపటి వెలిగాక మా బతుకు మారిన మాట నిజం. పిల్ల కాళ్లాడించడం మొదలుపెట్టింది. కాని ఆ సందులోంచి గాలి సన్నగా ఈల వేస్తూ లోపలికి వచ్చేది. నేల మీద పరుపు వేసుకుని పడుకునే మాకు అది చెంపకు కత్తిలా తగిలేది. మా అత్త పాత చీర ముక్క మడిచి సందులో కుక్కేది. నేను తీసేదాన్ని. మళ్లీ కుక్కేది.

ఒక సాయంత్రం నేను ఆ గుడ్డ లాగేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. కొట్టబోతుందేమో అనుకున్నాను. కాని ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది.

"రజాకార్ల ఏడాది, ఊరు ఇడిసి జొన్న చేన్ల దాసుకున్నం" అంది. "మంట పెడితె కనబడుతమని పెట్టలే. అంబదాసు ఎదిగినోడు, తట్టుకున్నడు. ఆని కింద ఇద్దరు. చిన్నది నా సంకలనే బిగుసుకపోయింది. సలికి నిద్రపోతున్నదనుకొని నేను కొంగు కప్పిన. రెండోది ఇంటికొచ్చినంక దగ్గొచ్చి, ఊపిరాడక పక్కలెగరేసి పోయింది. సలి ఏం చేస్తదో నీకు తెల్వదు బాలలక్ష్మీ. నాకు ఎరుక."

ఆమె ఏడవలేదు. నేను ఆ గుడ్డను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు పిల్లల్ని చలికి ఇచ్చిన మనిషితో, కనిపించని గాలి గురించి ఏమని వాదించను? ఆ పూట సందు సగం మూసి, సగం వదిలాను.

అంబదాసుకు చెబితే, "అవ్వను నొప్పియ్యకు. లక్ష్మీరాజమన్న మాట తప్పకు" అని రెండు మాటలూ ఒకేసారి అని డ్యూటీకి వెళ్లిపోయాడు. బోరు గట్టి రాయి తగిలి ఆగినందుకు వాళ్లకు రాత్రీ పగలూ పని. గొట్టం దులుపుతానన్న అంబదాసుకు ఆ వారం గాని, ఆ తర్వాత గాని తీరలేదు.

తర్వాత ఒకరోజు పొద్దున లేస్తే నా తల పగిలిపోతోంది. కళ్ల వెనక ఎవరో మేకు కొడుతున్నట్టుంది. మా అత్త గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా పోయి వాంతి చేసుకుంది. పిల్ల రొమ్ము పట్టలేదు. తల వాల్చేసింది. లక్ష్మీరాజం మాట గుర్తొచ్చి పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. మంచులో, చెట్ల కింద అటూ ఇటూ తిరిగాను. కాసేపటికి పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక అక్కడే కూర్చుని రొమ్ము అందించాను. తిరిగి వచ్చి చూస్తే కుంపటిలో చిన్న మంట ఇంకా వెలుగుతోంది. నేను కట్టేసిన కుళాయి ఎవరో తిప్పారు. సందులో చీర ముక్క ఉంది.

"పిల్ల ముడుసుకుంటుంటె నేనే పెట్టిన" అంది మా అత్త. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "గిది మంటతోని కాదే. ఆడు మనల ఎల్లగొడుతుండు. రామచంద్రం."

నేను ఇంట్లో ఉన్న పాతగుడ్డలన్నీ మూటగట్టి శంకరవ్వ దగ్గర దాచివచ్చాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టేది కాదు. పడుకున్నానన్న మాటే గాని నా చెయ్యి పిల్ల ముక్కు కిందే ఉండేది. మా అత్త చలికి భయపడి మేలుకునేది, నేను కుంపటికి భయపడి మేలుకునేదాన్ని. మధ్యలో పిల్ల నిద్రపోయేది. ఒకరి భయం ఇంకొకరికి తెలుసు, కాని మాట్లాడుకునేవాళ్లం కాదు.

పుష్యమాసంలో ముసురు పట్టింది. వాన పెద్దగా లేదు, కాని ఆగదు. పగలంతా సాయంత్రంలా ఉండేది. గాలి తలుపు వైపు నుంచే కొడుతోంది. ఆ పొద్దున నేనే కుంపటి వెలిగించాను. కిటికీ రెక్క తెరిచాను, సందు చూసుకున్నాను. పిల్ల బట్టలన్నీ తడిసి కుప్పగా పడి ఉన్నాయి. బోరు ఇంజను చల్లబరిచే నీళ్లు బయటికి వేడిగా వస్తాయి. క్యాంపు ఆడవాళ్లం వాటితోనే బట్టలు ఉతుక్కునేవాళ్లం. బకెట్టు తీసుకుని బయల్దేరుతూ మా అత్తతో అన్నాను:

"అత్తా, సందు మూయకు. నీకు దండం పెడుత."

"మూయ పో" అంది. పిల్లను ఒడిలో వేసుకుని, కుంపటి దగ్గర కూర్చుని ఉంది.

నేను వెళ్లేసరికి ఇంజను ఆగి ఉంది. అది మళ్లీ మొదలై నీళ్లు వేడెక్కేదాకా కాచుకున్నాను. బట్టలు ఉతికి పిండుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బండి దగ్గరికి వస్తుంటే దూరం నుంచే ఏదో తేడాగా తోచింది. కప్పు మీద గొట్టంలోంచి పొగ రావడం లేదు. కిటికీ మూసి ఉంది.

"అత్తా" అని పిలిచాను. తలుపు లాగాను. లోపల గడియ పెట్టి ఉంది.

"అత్తా, తలుపు తియ్యి."

రేకు మీద ముసురు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను తలుపు బాదాను. పిల్ల ఏడవాలి. ఆ చప్పుడుకు ఎంత నిద్రలో ఉన్న పిల్లయినా ఏడవాలి. ఏడవలేదు. నా గొంతులోంచి శంకరవ్వా అనే కేక వచ్చింది గాని అది నా గొంతులా లేదు. బండి వెనక్కి పరిగెత్తి, బకెట్టు బోర్లించి ఎక్కి, రాయితో కిటికీ అద్దం పగలగొట్టాను. లోపలి గాలి వెచ్చగా నా ముఖానికి తగిలింది. లోపల కుంపటి దగ్గర ఎవరూ లేరు. పరుపు మీద ఎవరూ లేరు. మధ్యలో పెట్టెలు అడ్డం, కిటికీలోంచి నాకు తలుపు అడుగు భాగం కనిపించదు.

మళ్లీ ముందుకు వచ్చాను. అప్పుడు వినిపించింది. తలుపు కింద నుంచి, పిల్లి తుమ్మినంత చిన్న చప్పుడు.

బురదలో బోర్లా పడుకుని చూశాను. సందులో గుడ్డ లేదు. సందుకు అవతల, వేలెడు దూరంలో, నా బిడ్డ ముక్కు, పెదవులు ఉన్నాయి. బయటి గాలి ఆ ముఖం మీదికే కొడుతోంది. పెదవులు కదులుతున్నాయి.

శంకరవ్వ గడ్డపార పట్టుకుని వచ్చింది. ఇద్దరం కలిసి గడియ ఊడబెరికాం. తలుపు తెరుచుకోగానే పిల్లను లాక్కున్నాను. దాని తల కింద మా అత్త అరచెయ్యి ఉంది. ఆమె గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. రెండో చేతిలో తన కొంగు ముక్క ఉంది, సందులో కుక్కి మళ్లీ పీకినది. పాత గుడ్డలు నేను దాచేశాను కదా, ఒంటి మీది చీరే చించి కుక్కింది. ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా ఆమె ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆమెను చాప మీద వేసుకుని బయటికి లాగాం. వానలోనే పడుకోబెట్టాం. శంకరవ్వ ఆమె పక్కన కూర్చుని, "ఊపిరున్నది, ఊపిరున్నది" అని నాకు కాదు, తనకే చెప్పుకుంటూ ఉంది.

క్యాంపు లారీలో గనుల ఆసుపత్రికి తీసుకుపోయారు. బొగ్గు బావుల్లో ఇలాంటి గాలి తగిలిన మనుషులు అక్కడికి వస్తారు కాబట్టి డాక్టరు ఎక్కువ అడగలేదు. ముక్కుకు గొట్టం పెట్టి సిలిండరు గాలి ఇచ్చాడు. పిల్ల ఆ సాయంత్రమే పాలు తాగింది. మా అత్త కళ్లు తెరవడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

లక్ష్మీరాజం బండి దగ్గరికి వెళ్లి గొట్టం ఊడదీసి చూసి వచ్చాడట. లోపలంతా మసి కట్టి, గాలి పోవడానికి వేలు పట్టేంత దారి కూడా మిగల్లేదని చెప్పాడు. ఆ మాట విని అంబదాసు తల దించుకున్నాడు. లక్ష్మీరాజం అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు.

మా అత్త మాట్లాడేంత తేరుకున్నాక అంబదాసు ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, వద్దని చెప్పినంక ఎందుకు మూసినవే?"

"పిల్ల కాళ్లు సల్లగైనయ్" అంది. గొంతు బొంగురుగా ఉంది. "తల తిరిగింది. పిల్ల మెడ వాల్చేసింది. గప్పుడు సమజైంది, గిది సలి కాదని. తలుపు దాకా పాకిన. గడియ అందలే. మీదికున్నది గద, లేవ చాత కాలే. సందు అందింది."

అంతే చెప్పింది. అంబదాసు ఆమె చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు. నేను పిల్లను తీసుకువెళ్లి ఆమె పక్కలో పడుకోబెట్టాను. వద్దనలేదు, కాని ఎత్తుకోనూ లేదు. ఒక్క వేలు దాని ముక్కు కింద పెట్టి చూసింది.

మేము క్యాంపుకు తిరిగివచ్చాం. ఆ బండి వద్దంటే లక్ష్మీరాజం ఇంకోటి ఇచ్చాడు. కుంపటి వద్దనలేదు నేను. ఆ అడవిలో చంటిపిల్లతో నిప్పు లేకుండా ఉండలేం. గొట్టం అంబదాసు ప్రతి ఆదివారం ఊడదీసి దులిపేవాడు. ఒక్కసారీ మానలేదు. పడుకునే ముందు కుళాయి నేను కట్టేసేదాన్ని. కట్టేశాక అతను చూసేవాడు. అతను చూశాక నేను మళ్లీ చూసేదాన్ని.

మా అత్త బాగయిందనే అనుకున్నాం. బియ్యం ఏరేది, పిల్లకు నూనె రాసేది. మెల్లగా మొదలైంది. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని, ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని, అదేమిటో తెలియనట్టు తిప్పి తిప్పి చూసింది. ఇంకోరోజు నన్ను అక్కా అని పిలిచింది. పరాచికం అనుకుని నవ్వాను, ఆమె నవ్వలేదు. అంబదాసు డ్యూటీ నుంచి వస్తే, "ఎవలు కావాలె బిడ్డా?" అని అడిగింది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు చాలాసేపు చూశాడు. "ఆ గాలి కొందరికి ఇలా చేస్తుంది. ముందు బాగైనట్టే ఉంటారు, తర్వాత బయటపడుతుంది. కొంత తిరిగి రావచ్చు. అంతా రాకపోవచ్చు" అన్నాడు. ఆమెను ఒంటరిగా వదలవద్దన్నాడు.

శివరాత్రి వెళ్లాక అంబదాసు పని మానుకున్నాడు. మళ్లీ మగ్గం గుంటలోనే దిగుతానన్నాడు. కరీంనగరం దాకా పోయే లారీ ఒకటి దొరికింది. పొద్దున్నే సామాను ఎక్కించాం. చలి తగ్గింది గాని పూర్తిగా పోలేదు, మోదుగుచెట్ల కింద ఇంకా మంచు ఉంది. శంకరవ్వ వచ్చి పిల్ల నుదుట ముద్దుపెట్టి, మా అత్త కాళ్లకు దండం పెట్టింది. ఎందుకు పెడుతోందో మా అత్తకు తెలియలేదు, ఆశీర్వదించింది మాత్రం.

"అవ్వా, నువ్వు ముందల కూసో. ఎనక సలిపెడుతది" అని డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆమె ఎక్కి కూర్చుంది. డ్రైవరు అటువైపు నుంచి వచ్చి కూర్చుని అద్దం పైకెత్తాడు. ఆ అద్దం బిగుసుకోగానే ఆమె తలుపు తోసుకుని కిందికి దిగింది. ఎవరెంత చెప్పినా వినలేదు. అంబదాసు ఆమెను ఎత్తి వెనక మూటల మీద, నా పక్కన కూర్చోబెట్టాడు.

లారీ కదిలింది. అడవి దాటి పెద్ద రోడ్డెక్కగానే గాలి కోసింది. నేను పిల్లను కొంగులో చుట్టి ముఖం మీద కూడా కప్పాను. మా అత్త చూసింది. చెయ్యి చాపి, ఆ కొంగును పక్కకు లాగింది.

"మొకం మీద కప్పకే."

"సలి అత్తా."

"ఉండనీ. గాలి తగలనీ."

ఆ చల్లగాలికి పిల్ల కళ్లు చికిలించి, నోరు తెరిచి, గాలిని మింగుతున్నట్టు చేసింది. మా అత్త దాని వైపు వంగి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, బస్సులో పక్కసీటు మనిషిని అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"మంచిగున్నది. ఎవలి పిల్లనే?"